సెల్లార్‌లో వాన పడదు

రెండేళ్ళ కిందట, ఆయుధపూజకు ముందు రోజు, మా అపార్ట్‌మెంట్ సెల్లార్ కడిగించాను. కడిగించాం అనకుండా కడిగించాను అంటున్నానంటే కారణం ఉంది. ఆ ఏడాది అసోసియేషన్ సెక్రటరీని నేనే. మీటింగులో పట్టుబట్టి ఒప్పించిందీ, ఒత్తిడితో నీళ్ళు చిమ్మి కడిగే ప్రెషర్ వాష్ వాళ్ళతో బేరమాడిందీ, ఫొటోలు తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టిందీ నేనే. నలభై కార్లు, వాటికి రెట్టింపు బైకులు పట్టే సెల్లార్. ఆరేళ్ళ నల్లదనం. మధ్యాహ్నానికల్లా అడుగున సిమెంటు రంగు బయటపడింది. గ్రూపు నిండా చప్పట్ల బొమ్మలు. పెళ్ళిలో కూడా నాకు అన్ని చప్పట్లు రాలేదు.

సాయంత్రం మా వీధి చివర టిఫిన్ బండి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ పెనం మీద నీళ్ళు చిలకరిస్తూ, తల ఎత్తకుండానే అడిగింది. "మీ బిల్డింగుల ఏం కడిగిన్రన్నా? పొద్దుగాల కెల్లి నీళ్ళన్నీ ఇటే వస్తున్నయ్. ఒకటే వాసన."

గరిటెతో చూపించింది. రోడ్డు వార గుంటలో నీళ్ళు నిలిచి ఉన్నాయి. వాటి మీద నెమలికంఠం రంగు, దాని అంచున ఊదా, మధ్యలో ఇత్తడి పసుపు. స్టూలు కాళ్ళు ఆ నీళ్ళలోనే ఉన్నాయి. పక్కనే ప్లేట్లు కడిగే బకెట్. గుంటలోంచి సన్నటి ధార ఒకటి సాగి, మోరీ జాలీలోకి దిగుతోంది.

"వాననీళ్ళేమో అక్కా" అన్నాను. అప్పటికి వారం రోజులుగా చినుకు లేదు. ఆ సంగతి ఆవిడకూ తెలుసు. ఇంకేం మాట్లాడకుండా దోశ తిప్పింది.

ఇంటికొచ్చి లెక్క వేసుకున్నాను. నీళ్ళ మీద అలా రంగులు కనిపించాలంటే నూనె పొర ఒక మైక్రాన్ అటూఇటూ మందం ఉంటే చాలు. అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఆ మందాన చెంచాడు నూనె అయిదు చదరపు మీటర్లు పరుచుకుంటుంది, లీటరు నూనె పావెకరం. కాబట్టి గుంటలో నేను చూసింది నిజానికి పెద్ద నూనె కాదు. కాస్త ఊరట కలిగింది, కానీ ఎక్కువసేపు నిలవలేదు. కంటికి కనిపించేది నూనె ఒక్కటే. కనిపించనిది ఆ నీళ్ళలో ఇంకా చాలా ఉంది.

సెల్లార్ నేల మీద ఉండేది దుమ్మే అనుకుంటాం. బ్రేకు వేసినప్పుడల్లా బ్రేకు ప్యాడ్లు అరిగి పొడి రాలుతుంది. అందులో రాగి లాంటి లోహాలుంటాయి. టైర్లు అరిగిన పొడిలో జింక్ ఉంటుంది. పాత బ్యాటరీ కారితే ఆమ్లమూ, సీసమూ. రేడియేటర్ నుంచి కారే కూలెంట్ తియ్యగా ఉండే విషం, కుక్కలు అందుకే దాన్ని నాకుతాయి. ఇక పావురాల రెట్టల సంగతి హైదరాబాదు వాళ్ళకి నేను చెప్పాలా?

టైరు పొడి గురించి ఒక ముచ్చట. అమెరికాలో మనవాళ్ళు బోలెడంతమంది ఉండే సియాటిల్ చుట్టుపక్కల వాగుల్లో, వాన పడ్డాక గుడ్లు పెట్టడానికి ఎదురీదుతూ వచ్చిన కోహో సాల్మన్ చేపలు చచ్చిపోయేవి. ఎందుకో ఏళ్ళ తరబడి అంతుపట్టలేదు. 2020 డిసెంబరులో అక్కడి శాస్త్రవేత్తలు కారణం బయటపెట్టారు. టైర్లు త్వరగా పగలకుండా రబ్బరులో 6పీపీడీ అనే రసాయనం కలుపుతారు. అది గాల్లోని ఓజోన్‌తో కలిసి 6పీపీడీ-క్వినోన్‌గా మారుతుంది. చేపల్ని చంపుతున్నది అదే. మన చెరువుల్లో ఆ చేప లేదు, నిజమే. కానీ టైరు అక్కడా ఇక్కడా అదే కదా.

అసలు ఇదంతా ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, సెల్లార్ కడగడం గురించి మాట్లాడినప్పుడల్లా ఎవరో ఒకరు ఒకే మాట అంటారు. "రోడ్ల మీద నూనె కారడం లేదా? వానకి అదంతా నాలాల్లోకి పోవడం లేదా? మన ఒక్క సెల్లార్‌తో మూసీ పాడైపోతుందా?" మా ట్రెజరర్ గారు ఈ మాట మూడు మీటింగుల్లో అన్నారు. మొదటి రెండుసార్లు నా దగ్గర జవాబు లేదు.

మూడోసారికి తట్టింది. రోడ్డు మీద వాన పడుతుంది. సెల్లార్‌లో వాన పడదు. ర్యాంపు మీంచి జారి వచ్చే నాలుగు బిందెల నీళ్ళు, ఎప్పుడో ఒకసారి వచ్చే వరద తప్పిస్తే అక్కడ చుక్క పారదు. అందుకే ఏడాది పొడుగునా రాలిందంతా రాలిన చోటే పేరుకుంటుంది. అక్కడ ఎప్పుడైనా నీళ్ళు పారాయంటే, అవి మనం పైపు పెట్టి పారించినవే. ఏ రోజు, ఏ గంటకు, ఎన్ని లీటర్లు, ఏ మూలకు పోతాయో ముందే తెలుసు. రోడ్డు మీద వాననీటిని ఆపి శుద్ధి చేయమని ఏ అపార్ట్‌మెంటునీ ఎవరూ అడగలేరు. కానీ నాలుగు గోడల మధ్య, పైన కప్పు ఉన్న చోట, సొంత డబ్బుతో మనమే పుట్టించిన మురికినీళ్ళను పట్టుకోలేం అంటే ఎవరు నమ్ముతారు? ఊళ్ళో ఇంత సులువుగా పట్టుబడే మురికి ఇంకొకటి లేదు.

చట్టం కూడా దాదాపు ఇదే అంటుంది. 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం 24వ సెక్షన్ ప్రకారం, ప్రమాణాలకు మించిన కాలుష్యాన్ని తెలిసి వాగులోకో, బావిలోకో, మురుగు కాలువలోకో, నేల మీదకో వదలకూడదు. నేరుగా వదిలినా, చుట్టూ తిప్పి వదిలినా ఒకటే. 'తెలిసి' అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. టిఫిన్ బండి అక్క చెప్పేదాకా తెలియదని బుకాయించవచ్చు. ఆ తర్వాత కుదరదు.

"ఎలాగూ నాలాలో మురుగంతా కలిసే ఉంది కదా" అన్నది రెండో వాదన. ఇందులో కొంత నిజం ఉంది. మన నగరంలో వరద కాలువ వేరు, డ్రైనేజీ వేరు అని కాగితం మీద ఉంటుంది. చాలా వీధుల్లో రెండూ కలిసిపోతాయి. అయినా తేడా ఉంది. డ్రైనేజీ లైనులో పోయిన నీళ్ళకి చివర్లో అంబర్‌పేట లాంటి శుద్ధి కేంద్రం దాకా చేరే అవకాశం ఉంటుంది. రోడ్డు మీద వదిలినవి జాలీలోంచి నాలాలోకి, అక్కడి నుంచి చాలావరకు నేరుగా మూసీలోకి. ఇంకో తేడా, ఇళ్ళ మురుగును సూక్ష్మజీవులు తింటాయి. రాగినీ జింకునీ ఏ సూక్ష్మజీవీ తిని అరిగించుకోలేదు. నీళ్ళు తేటపడ్డా అవి అడుగు బురదలో కూర్చుంటాయి.

మాది ఉప్పల్ వైపు. మా వీధి నీళ్ళు పల్లం వెతుక్కుంటూ చివరికి చేరేది మూసీకే. అక్కడి నుంచి కిందికి పీర్జాదిగూడ, ప్రతాపసింగారం దాటుతుంటే ఒడ్డున పచ్చగా ఏపుగా పెరిగిన గడ్డి కనిపిస్తుంది. మూసీ నీళ్ళతోనే పెంచుతారు, కోసి గేదెలకు వేస్తారు. ఇంకా కిందికి పోతే కత్వలు (చిన్న అడ్డుకట్టలు) కట్టి వరి పొలాలకు మళ్ళిస్తారు. మిగిలిన మూసీ నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. నాగార్జునసాగర్‌కి దిగువన, పులిచింతలకి ఎగువన. ఇక్కడ మా ఇంటి కుళాయిలో వచ్చే కృష్ణ నీళ్ళు సాగర్ జలాశయం నుంచి, వంద కిలోమీటర్లకు పైగా పంపింగ్ చేసి తెచ్చేవి. అంటే నేను మంచి నీళ్ళు పైనుంచి తీసుకుని, సెల్లార్ కడిగి, కింద కలుపుతున్నాను. మా అమ్మ విజయవాడలో ఉంటుంది. ఫోన్‌లో ఈ సంగతి చెప్తే "మీ కార్లు కడిగిన నీళ్ళు మాకెందుకురా" అంది. ఆవిడకి నాలాలూ సెక్షన్లూ అక్కర్లేదు.

ఇక పని ఎలా జరిగిందో చూద్దాం. మొదటిసారి వచ్చిన కుర్రాళ్ళు ముగ్గురు. కష్టపడే పిల్లలే, తప్పు వాళ్ళది కాదు. వాళ్ళకి చెప్పిన పని నేల తెల్లబడాలి అని. తెల్లబడేలా చేశారు. మరకల మీద ముందు యాసిడ్ పోశారు. బుస్సుమని నురగ వచ్చింది, మేమంతా "ఆహా, పనిచేస్తోంది" అనుకున్నాం. ఆ నురగ నూనె కరిగి వచ్చింది కాదు. సిమెంటులోని సున్నాన్ని యాసిడ్ తింటే వచ్చేది. నూనెకి యాసిడ్ ఏమీ చేయదు. నేల పైపొర ఊడి, దానితోపాటు మరక పోయింది, అంతే. మరుసటి ఏడాది అదే చోట గరుకు తేలి నూనె ఇంకా లోతుకు ఇంకింది.

తర్వాత సబ్బు పొడి. ఇది ఇంకా తమాషా. చారు మీద పోపు నూనె చుక్కలు చుక్కలుగా తేలుతుంది చూడండి. గరిటెతో తీసేయొచ్చు. అదే గిన్నెలో నాలుగు చుక్కలు గిన్నెలు తోమే సబ్బు వేసి తిప్పితే? మొత్తం తెల్లగా కలిసిపోతుంది, ఇక తీయడానికి ఏమీ మిగలదు. సెల్లార్ నీళ్ళలోనూ అంతే. సబ్బు వేస్తే రంగులు మాయమై నీళ్ళు పాలలా కనిపిస్తాయి. చూసేవాళ్ళకి శుభ్రమైనట్టే. నూనె మాత్రం అందులోనే ఉంది, ఈసారి పట్టుకోవడానికి వీల్లేకుండా. సొంత ఎస్‌టీపీ (మురుగునీటి శుద్ధి కేంద్రం) ఉన్న పెద్ద గేటెడ్ కమ్యూనిటీల వాళ్ళు "మాకేం, అంతా ఎస్‌టీపీలోకి తోసేస్తాం" అంటారు. నూనె, సబ్బు, యాసిడ్ ఒకేసారి వచ్చిపడితే ఆ ఎస్‌టీపీలో పనిచేసే సూక్ష్మజీవులు దెబ్బతింటాయి. తర్వాత వారం రోజులు కంపు ఎక్కడి నుంచి వస్తోందో వాళ్ళకి అర్థం కాదు.

ప్రెషర్ వాష్ యంత్రం మీద నాకు కోపం లేదు. 150 బార్ ఒత్తిడి అంటే కారు టైరులో గాలికి దాదాపు డెబ్బై రెట్లు. ఆ ఒత్తిడితో నిమిషానికి కొద్ది లీటర్లతోనే పని అవుతుంది. మామూలు గార్డెన్ పైపు పట్టుకుని గంటల తరబడి పోసే దానికన్నా నయం. మాకు వచ్చింది పెద్ద యంత్రం, నిమిషానికి 15 లీటర్లు. ఆరు గంటలు నడిస్తే 5,400 లీటర్లు, ఒక ట్యాంకర్ పైచిలుకు. ఆ ట్యాంకర్ నీళ్ళు ఎక్కడికి పోతాయని బేరమాడేటప్పుడు నేను అడగలేదు. వాళ్ళూ చెప్పలేదు.

మళ్ళీ కడిగించాల్సి వచ్చినప్పుడు ఇద్దరిని పిలిచాం. ఒకాయన పన్నెండు వేలు అన్నాడు. ఇంకొకాయన ఇరవై రెండు వేలు అన్నాడు, నీళ్ళు కూడా పీల్చే వాక్యూమ్ తెస్తానని, సబ్బు లేకుండా వేడినీళ్ళతో కడుగుతానని. కమిటీలో వెంటనే చేతులు పన్నెండు వేల వైపు లేచాయి. నాకైతే ఆ పన్నెండు వేలు చవక అనిపించలేదు. మిగతా పది వేలు టిఫిన్ బండి అక్కతోనూ, గడ్డి కోసుకునే వాళ్ళతోనూ కట్టిస్తున్నాం, వాళ్ళని అడక్కుండా. ఇదే మాట మీటింగులో అంటే ఒకరు "స్పీచ్ ఇవ్వకండి సార్" అన్నారు. సరే, స్పీచే. చివరికి మధ్యేమార్గం కుదిరింది. పన్నెండు వేల మనిషే వస్తాడు, నీళ్ళ సంగతి నేను చూసుకోవాలి. ఇది మధ్యేమార్గం కాదనీ, పని నా నెత్తిన పడిందనీ తర్వాత అర్థమైంది.

అమెరికాలో మా బావమరిదికి ఫోన్ చేశాను. వాడు పనిచేసే ఆఫీసు గరాజ్ కడిగేటప్పుడు ముందు వాననీటి జాలీల మీద రబ్బరు చాపలు పరిచి మూసేస్తారట. ఒకడు కడుగుతుంటే ఇంకొకడు వెనకాలే వాక్యూమ్‌తో పీల్చేస్తాడు. 1972 నాటి క్లీన్ వాటర్ యాక్ట్ కింద, అనుమతి లేకుండా ఆ నీళ్ళని వరద కాలువలోకి వదిలితే జరిమానా పడుతుంది. "ఇక్కడ భయం బావా, భక్తి కాదు" అన్నాడు. ఆ మాట నచ్చింది.

నేను చేసింది చెప్తాను. గొప్పగా ఏమీ లేదు. ముందు కడగడం ఆపి ఊడ్పించాను. శనివారం కార్లన్నీ తీయించి, ఈనె చీపుర్లతో పొడిగా ఊడిస్తే సిమెంటు బస్తాల్లో ఆరు బస్తాల నల్ల దుమ్ము లేచింది. మొదటిసారి నాలాలోకి పోయింది ఇలాంటి బస్తాలే అని అప్పుడు అర్థమైంది. తడి చేయకముందు అది చెత్త. తడి చేస్తే కాలుష్యం. నూనె మరకల మీద టింబర్ డిపో నుంచి తెచ్చిన రంపపు పొట్టు చల్లి, చెప్పుతో రుద్ది, ఒక రాత్రి వదిలేశాం. పొద్దున చూస్తే పొట్టు బెల్లం పాకం రంగులోకి తిరిగింది. సగం మరకలు చుక్క నీరు తగలకుండానే తగ్గాయి.

తర్వాత నీళ్ళు. మా సెల్లార్ ఒక మూలకి వాలుగా ఉంటుంది. అక్కడ నాలుగడుగుల పొడవు, వెడల్పు, లోతు ఉన్న గుంట ఉంది. 2020 అక్టోబరు వానల్లో ఊళ్ళో చాలా సెల్లార్లు మునిగాక, భయపడి అందులో మోటారు పెట్టించాం. గుంట నిండగానే దానంతట అదే ఆన్ అయ్యి నీళ్ళని రోడ్డు మీదకి తోసేస్తుంది. గుంట పట్టేది 1,800 లీటర్లు. కాబట్టి సెల్లార్‌ని మూడు భాగాలు చేసి మూడు ఆదివారాలు కడగాలని ప్లాన్ వేశాను. ర్యాంపు కింద ఇసుక మూటలు అడ్డం పెట్టించాను. సబ్బు వద్దు, యాసిడ్ వద్దు అని మూడుసార్లు చెప్పాను. చార్టు కూడా వేశాను. అంతా చూసుకున్నాను, మోటారు సంగతి తప్ప.

మొదటి ఆదివారం పదకొండింటికి పైన రోడ్డు మీద గలగలమని శబ్దం. పరిగెత్తుకెళ్ళి చూస్తే పైపులోంచి నల్లటి నీళ్ళు ధారగా పడుతున్నాయి. గుంటలో నీళ్ళ మీద తేలే స్విచ్ (ఫ్లోట్) లేచింది, మోటారు తన డ్యూటీ తను చేసింది. స్విచ్ ఆపేలోపు సగం గుంట ఖాళీ. టిఫిన్ బండి అక్క నన్ను చూసింది. ఈసారి నేను వాననీళ్ళు అనలేదు.

వాచ్‌మన్ ఫ్లోట్‌ని పైకి లాగి సుతిలి తాడుతో మేకుకి కట్టాడు. "రాత్రి వాన పడితే సార్?" అన్నాడు. అడగాల్సిన ప్రశ్నే. ఆ రాత్రి మబ్బు పట్టింది. రెండింటికి ఒకసారి లేచి బాల్కనీలోంచి ఆకాశం చూశాను. వాన రాలేదు. పొద్దున్నే గుంట దగ్గరికి వెళ్తే నీళ్ళు తేరుకుని ఉన్నాయి. పైన పల్చటి నూనె తెర, మధ్యలో టీ డికాషన్ లాంటి నీళ్ళు, అడుగున జానెడు బురద. మెకానిక్ షెడ్డు నుంచి తెచ్చిన బనియన్ వేస్ట్‌ని కర్రకి చుట్టి పైన మెల్లగా తిప్పితే నూనె దానికి అంటుకుని వచ్చింది. ఆ అయిదు నిమిషాలు నాకు ఆ సెల్లార్ మొత్తం మీద ఎప్పుడూ కలగని తృప్తి కలిగింది. మధ్య నీళ్ళని, నగర నీళ్ళూ డ్రైనేజీ చూసే జలమండలి ఆఫీసులో ముందే అడిగి పెట్టుకున్న అనుమతి ప్రకారం, డ్రైనేజీ మ్యాన్‌హోల్‌లోకి నిదానంగా వదిలాం. బురదని పైనుంచే బకెట్లతో తోడాం. ఒక కుర్రాడు గుంటలోకి దిగబోతే పట్టుకుని ఆపాను. మూసి ఉన్న గుంటల్లో ఊపిరాడక పోయినవాళ్ళ వార్తలు ప్రతి వేసవిలో చదువుతూనే ఉన్నాం. ఇంకో సంగతి, పెట్రోలుతో నడిచే ప్రెషర్ వాషర్‌ని సెల్లార్‌లోకి అసలు దింపనీయకండి. దాని పొగలో వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. కరెంటుదైతే షాక్ కొట్టకుండా ఆపేసే బ్రేకర్ ఉన్న ప్లగ్గుకే పెట్టించండి, చెప్పులు లేకుండా ఎవరినీ నిలబడనీయకండి.

రెండో, మూడో ఆదివారాలు సాఫీగా గడిచాయి. నేల మొదటిసారంత తెల్లగా రాలేదు. ఫొటో పెడితే గ్రూపులో నాలుగు చప్పట్లు వచ్చాయి. అందులో ఒకటి నా భార్యది.

మిగిలింది ఆ పొట్టు. నూనె తాగిన రంపపు పొట్టు, బనియన్ వేస్ట్, ఎండిన బురద. వాడేసిన ఇంజిన్ ఆయిల్ కేంద్ర ప్రభుత్వ 2016 నియమాల ప్రకారం ప్రమాదకర వ్యర్థం, చెత్త బండిలో వేయకూడదు. దుండిగల్ దగ్గర అలాంటి వ్యర్థాల కేంద్రం ఉంది, కానీ అది ఫ్యాక్టరీల లారీల కోసం. ఒక అపార్ట్‌మెంటు రెండు డబ్బాల పొట్టు పట్టుకుని ఎవరి దగ్గరికి వెళ్ళాలి? కారు బ్యాటరీ పాతదైతే షాపువాడే తీసుకుని డబ్బు తగ్గిస్తాడు. దీనికి అలాంటి దారి వీధి స్థాయిలో లేదు. నా కోపమంతా ఇక్కడే. కుళాయి నీళ్ళు ఇంటిదాకా తెచ్చే ఏర్పాటు ఉంది, మురికి తిరిగి తీసుకెళ్ళే ఏర్పాటు మాత్రం సగం దారిలో ఆగిపోయింది. బనియన్ వేస్ట్‌ని మెకానిక్ తన పాత ఆయిల్ డ్రమ్ముతోపాటు పంపిస్తానని తీసుకున్నాడు. పొట్టు వద్దన్నాడు.

అది రెండు ఇరవై లీటర్ల పెయింట్ డబ్బాల్లో, మూత బిగించి, సెల్లార్‌లో కరెంటు మీటర్లకు దూరంగా ఉంది. మూత మీద స్కెచ్ పెన్నుతో 'ముట్టుకోవద్దు' అని రాశాను. ఈ దసరాకి మళ్ళీ కడగాలి. మొన్న వాచ్‌మన్ ఆ డబ్బాలని కాలితో పక్కకి జరుపుతూ అడిగాడు, "ఇవెప్పుడు పోతయ్ సార్?" అని.